రెండో బారెల్‌కు వేసిన గోళీ

నా పనిలో ప్రమోషన్లు లేవు. చేరిన కొత్తలో అందరూ "ఒరేయ్" అనేవాళ్ళు. కొన్నాళ్ళకు "తమ్ముడూ" అన్నారు, ఆ తరవాత "అన్నా" అన్నారు, జుట్టు నెరిసేసరికి "బాబాయ్" అయ్యాను. స్కూటీ తెచ్చిన ఒక కాలేజీ అమ్మాయి "తాతా, ఎంతసేపు పడుతుంది?" అని అడిగిన ఏడాది షెడ్డు మూసేశాను. నా పేరు మస్తాన్ వలి. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద నలభై ఏళ్ళు పెట్రోలు బండ్లు బాగుచేశాను. ఇంజన్ మొత్తం చూసేవాణ్ణే గానీ, జనం నన్ను వెతుక్కుంటూ వచ్చింది కార్బురేటర్ కోసం.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మీరు బానెట్ ఎత్తకముందే కంప్యూటర్ తగిలిస్తారు, జబ్బు ఎక్కడుందో అది చెబుతుంది. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. సరే, కొంచెం ఉంది. కార్బురేటర్ ఉన్న పాత బండి వస్తే విప్పి చూడకుండానే "ఇది పాత ఇనపసామాన్ల వాడికి ఇచ్చెయ్యండి" అంటున్నారని విన్నప్పుడు ఆ మంట ఇంకాస్త పెరుగుతుంది. ఇచ్చేసే ముందు ఒక్కసారి విప్పండి. అది ఎలా పనిచేస్తుందో చెబుతాను, దాంతో నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను. మొదట్లో నా గొప్పలు కొన్ని ఉంటాయి, ఓర్చుకోండి.

గాలికి తలుపు

పెట్రోలును నీళ్ళు పోసినట్టు పోస్తే ఇంజన్ కాల్చలేదు. అది సన్నటి తుంపరై గాలిలో కలవాలి. బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్ళ గాలి కావాలి. ఆ కలిపే పని కార్బురేటర్‌ది. లోపల కరెంటు లేదు, మెదడు లేదు, ఉన్నదల్లా బెజ్జాలే.

ఒక పక్కన చిన్న గిన్నె ఉంటుంది, దాన్ని ఫ్లోట్ చాంబర్ అంటాం. మేడ మీద నీళ్ళ ట్యాంకులో బంతి తేలి, నిండగానే కుళాయి మూస్తుంది కదా, ఇక్కడా అంతే. ఫ్లోట్ పైకి లేచి ఒక సూదిని నొక్కి పెట్రోలు రాకుండా ఆపుతుంది. గిన్నెలో మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ మట్టం తప్పడం వల్ల వచ్చేవే.

గిన్నె పక్కన పై నుంచి కిందికి ఒక గొట్టం ఉంటుంది. అదే బారెల్. దాని నడుము సన్నగా ఉంటుంది. సాగర్ కాలవ తూము దగ్గర ఇరుకులో నీళ్ళు ఎలా పరుగెత్తుతాయో మీరు చూసే ఉంటారు. గాలి కూడా ఆ నడుము దగ్గర పరుగెత్తుతుంది. వేగం పెరిగిన చోట గాలి ఒత్తిడి తగ్గుతుంది. గిన్నెలో పెట్రోలు మీద మామూలు ఒత్తిడే ఉంటుంది కాబట్టి, అది పెట్రోలును నడుము వైపుకు తోస్తుంది. ఆ దారిలో జెట్ ఉంటుంది. జెట్ అంటే వేలి గోరంత ఇత్తడి మర, మధ్యలో సూది మొన పట్టేంత బెజ్జం. ఎంత పెట్రోలు పోవాలో ఆ బెజ్జమే తేలుస్తుంది.

గొట్టం అడుగున గుండ్రటి రేకు ఒకటి తిరుగుతుంది. దాని కేబుల్ మీ కాలి కింద పెడల్‌కు ఉంటుంది. పెడల్ తొక్కితే పెట్రోలు పోస్తున్నామని అందరూ అనుకుంటారు. నిజానికి మనం గాలికి తలుపు తీస్తున్నాం. గాలి వెళ్తూ తనకు కావలసిన పెట్రోలును తానే తీసుకుపోతుంది. ఒక్కసారిగా తొక్కితే గాలి ముందు ఉరికి పెట్రోలు వెనకబడుతుంది, ఆ లోటుకు చిన్న పంపు ఒకటి కాస్త పెట్రోలు చిమ్ముతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు తలుపు మూసే ఉంటుంది, అప్పుడు ఇంజన్ ఆరిపోకుండా ఇంకో సన్నటి దారి ఉంటుంది.

ఇక రెండు బారెళ్ళ కార్బురేటర్. గిన్నె ఒకటే, గొట్టాలు పక్కపక్కన రెండు. మొదటిది సన్నం, రెండోది కాస్త వెడల్పు. బజార్లో తిరిగేటప్పుడు, సాఫు రోడ్డు మీద నింపాదిగా పోయేటప్పుడు మొదటిదే పనిచేస్తుంది. రెండోదాని తలుపు మూసే ఉంటుంది. బరువు పడి, ఎత్తు వచ్చి, మీరు పెడల్ బాగా తొక్కినప్పుడు రెండోది తెరుచుకుంటుంది. కొన్నిటిలో లింకు కడ్డీ తెరుస్తుంది. నేను చెప్పబోయే తెల్ల వ్యాన్‌లో ఆ పని ఒక రబ్బరు పొరది. అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బాలో పలచటి పొర ఉంటుంది, దానికి ఒక సన్నటి రబ్బరు ట్యూబు. మొదటి బారెల్‌లో గాలి బాగా ఉరికినప్పుడు ఆ ట్యూబులోంచి పీల్పు పుట్టి పొరను లాగుతుంది. పొర కడ్డీని లాగుతుంది, రెండో తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు ఇంజన్ గొంతు మారుతుంది, బొంగురుగా, ధీమాగా వినపడుతుంది. ఆ గొంతు వినడానికే నేను బండ్లను కోటప్పకొండ ఎక్కించి టెస్టు చేసేవాణ్ణి. మా ఇంట్లో నేను మొదటి బారెల్ అయితే మా ఆవిడ మీరాబీ రెండోది. రోజంతా శబ్దం నాది, ఎత్తు వచ్చినప్పుడు లాగేది ఆమె.

ఉస్తాద్

నాకు పని నేర్పింది కరీం సాబ్. ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం. జెట్‌లో చెత్త పడితే అందరూ స్టీలు తీగ పెట్టి పొడుస్తారు. ఉస్తాద్ దగ్గర తీగ పట్టుకుంటే చెయ్యి విరిచేవాడు. ఇత్తడి మెత్తన, తీగ గీసుకుంటే బెజ్జం వెంట్రుకవాసి పెద్దదవుతుంది, ఆ తరవాత ఆ బండి జన్మంతా పెట్రోలు తాగుతూనే ఉంటుంది. జెట్‌ను పెట్రోల్లో నానబెట్టి, నోటితో ఊది, వెలుతురుకు పెట్టి చూడాలి. బెజ్జం గుండ్రంగా మెరిస్తే సరే, లేకపోతే మళ్ళీ నానబెట్టాలి.

ఒకసారి మొదటి బారెల్ జెట్‌ను రెండోదానికి, రెండోదాన్ని మొదటిదానికి బిగించేశాను. రెండూ చూపుకు ఒకటే, తల మీద నంబరే తేడా. షెడ్డులో బండి చక్కగా పలికింది. కారు యజమాని మాచర్ల వెళ్ళి వచ్చి మండిపడ్డాడు. ఊళ్ళో నల్లపొగ, రోడ్డు మీద నీరసం. ఉస్తాద్ విప్పి చూసి నా వంక తిరిగి, "నంబరు చదవనోడికి ఆ కళ్ళద్దాలెందుకురా, ముక్కుకు బరువు కాకపోతే?" అన్నాడు. తరవాత యజమాని ముందుకెళ్ళి, "తప్పు మా షెడ్డుది సార్" అన్నాడు. నన్ను వేలు పెట్టి చూపించలేదు. ఇంత మంచి ఉస్తాద్ దగ్గర పనిచేసి కూడా నేను తరవాత చేసిన పని చూడండి.

మా ఊరి అలవాటు

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా మా మెకానిక్‌ల దగ్గర ఒక చిట్కా తిరిగేది. రెండో బారెల్ పొరకు వెళ్ళే రబ్బరు ట్యూబు పీకి, అందులో సైకిల్ చక్రంలో ఉండే ఉక్కు గోళీ ఒకటి దూర్చి మళ్ళీ తగిలిస్తాం. పైకి ఏమీ కనపడదు. పీల్పు పొర దాకా చేరదు, రెండో బారెల్ ఎప్పటికీ తెరుచుకోదు. బండి ఒంటి గొట్టంతో బతుకుతుంది, మైలేజీ కాస్త పెరుగుతుంది. దీన్ని "గోళీ వెయ్యడం" అనేవాళ్ళం. బజారు తిరిగే కార్లవాళ్ళు కొందరు వాళ్ళంతట వాళ్ళే "బాబాయ్, గోళీ వెయ్యి" అని అడిగేవాళ్ళు.

అడిగినవాడికి వేస్తే తప్పు లేదు, ఎత్తులో లాగదని చెప్పి వెయ్యాలి. కానీ మాలో చాలామందిమి చెప్పేవాళ్ళం కాదు. చెబితే అది గోళీ మహిమ అవుతుంది, చెప్పకపోతే మన హస్తవాసి అవుతుంది. "మస్తాన్ చెయ్యి పడితే చాలు, బండి రెండు కిలోమీటర్లు ఎక్కువ ఇచ్చుద్ది" అని జనం చెప్పుకుంటుంటే వినడానికి ఎంత బాగుండేదో మీకు చెప్పలేను. ఆ మాట కోసం అడగనివాళ్ళకు కూడా కొందరికి గోళీలు వేశాను. వాళ్ళలో వీరాచారి అన్న ఒకడు.

వీరాచారి దుర్గిలో శిల్పి. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. విగ్రహాలు చేరవెయ్యడానికి పాత తెల్ల వ్యాన్ కావాలంటే నేనే చూసి కొనిపెట్టాను. వెనక సీట్లు పీకించి, గడ్డి పరిచి, గోనెసంచుల మధ్య దేవుళ్ళను పడుకోబెట్టి తీసుకొచ్చేవాడు. నరసరావుపేట వచ్చినప్పుడల్లా మా షెడ్డు ముందు ఆగేవాడు. "లోపల ఆంజనేయస్వామి ఉన్నాడు, గట్టిగా తిట్టుకోమాకండి" అని మా వాళ్ళతో పరాచికాలాడేవాడు. పెట్రోలు వంద దాటిన కొత్తల్లో ఒకసారి టీ తాగుతూ, "ఈ వ్యాన్ నాకంటే ఎక్కువ తాగుతంది మస్తానూ" అన్నాడు. అంతే అన్నాడు. ఆ వ్యాన్‌కు ఇంజన్ ముందు సీటు కింద ఉంటుంది. ఆయన టీ గ్లాసు కింద పెట్టేలోపు సీటు ఎత్తి, గోళీ వేసి, సీటు దించేశాను. బరువులు మోసే బండి అని తెలిసీ వేశాను. నెల తరవాత ఫోన్ చేసి, "ఏం చేశావయ్యా, చానా దూరం వస్తంది" అంటే నవ్వాను.

గుట్ట మలుపు

మాచర్ల అవతల ఒక ఊళ్ళో గుట్ట మీద అమ్మవారి గుడి కట్టారు. విగ్రహం వీరాచారి అన్న చెక్కాడు. మూడున్నర అడుగుల నల్లరాయి, ఆరు నెలల పని. ప్రతిష్ఠకు మూడు రోజుల ముందు పొద్దున్నే వ్యాన్‌లో విగ్రహం పెట్టుకుని, పక్క సీట్లో భార్య సుభద్రమ్మను కూర్చోబెట్టుకుని గుట్ట ఎక్కుతున్నాడు. రెండో మలుపు దగ్గర ఎత్తు ఎక్కువ. అక్కడ ఇంజన్ నీరసించి ఆగిపోయింది. బ్రేకు ఆ బరువును ఆపలేకపోయింది. వ్యాన్ వెనక్కి జారి రాతి పిట్టగోడకు కొట్టుకుంది. సుభద్రమ్మ నుదుటికి చిన్న దెబ్బ తగిలింది. ఆయనకేం కాలేదు. విగ్రహం వెనక తలుపుకు గుద్దుకుని కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

నాకు ఫోన్ వస్తే బస్సెక్కి, ఆటో ఎక్కి ఎండ ముదిరేసరికి అక్కడికి చేరాను. గుడి కట్టించిన పెద్దరైతు మర్యాదస్తుడు. "పోన్లే ఆచారీ, మనుషులకేం గాలా. అమ్మవారికి ఈ ముహూర్తం నచ్చలా అనుకుందాం" అంటున్నాడు. గుంపులోంచి ఎవరో, "ఈ వయసులో ఈయన బండెందుకు తోలాలంట?" అన్నారు. ఆ మాట వీరాచారి అన్న విన్నాడు.

ఆయన పిట్టగోడ మీద కూర్చుని తన కుడికాలు చూసుకుంటున్నాడు. నన్ను చూసి, "నాకు షుగరు ఉంది గదా మస్తానూ. కాలికి స్పర్శ పోయినట్టుంది" అన్నాడు.

"అదేంది అన్నా?"

"కిందికంటా తొక్కాననే అనుకున్నా. తొక్కితే బండి ఎక్కకుండా ఉంటదా? కాలు పెడల్ మీద ఉందో లేదో గూడా నాకు తెలవలా. దాన్ని చంపేసేవాణ్ణి." సుభద్రమ్మ వంక చూడలేక తల తిప్పుకున్నాడు.

నాకు అంతా అర్థమైంది. ఆయన తొక్కాడు. మొదటి బారెల్ తన శక్తికొద్దీ లాగింది. రెండోదాన్ని నేను నోరు నొక్కి ఉంచాను. ఆ క్షణాన చెప్పాల్సింది. చుట్టూ నలభై మంది ఉన్నారు, వాళ్ళలో నా పేరు విని అంత దూరం బండ్లు తెచ్చినవాళ్ళూ ఉన్నారు. నేనేం చేశానంటే, ఇంజన్ చూస్తానని చెప్పి సీటు ఎత్తాను. ట్యూబు పీకి గోళీ తీసి జేబులో వేసుకున్నాను. ట్యూబు తగిలించి, స్టార్ట్ చేసి, "బండి బాగానే ఉందన్నా" అన్నాను. బండి బాగానే ఉందంటే తప్పు ఎవరిదని తేలుతుందో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మా ఆవిడ అడిగిన మాట

చెయ్యి విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు. దాన్ని ఆయన కృష్ణలో కలిపి వచ్చాడు. ఆ తరవాత వ్యాన్ తాళం చెవి ముట్టుకోలేదు. కొన్నాళ్ళకు సుభద్రమ్మ ఫోన్ చేసింది.

"మస్తాన్ అన్నయ్యా, ఆ వ్యాన్ ఎవరికన్నా అమ్మిపెట్టు. ఇంటి ముందుంటే ఆయన చూసి చూసి కుమిలిపోతన్నాడు."

"పని చేసుకుంటన్నాడా అమ్మా?"

"యాడ చేస్తన్నాడు? ఉలి పట్టుకుంటాడు, పక్కన పెడతాడు. కాలికి తెలవంది చేతికి మాత్రం ఏం తెలుస్తదంటాడు. పొద్దున్నే గుండుసూది తీసుకుని అరికాలు పొడుచుకుని చూసుకుంటన్నాడు. గుంటూరు తీసుకుపోయాం. డాక్టరు అంతా పరీక్ష చేసి కాలు బాగుందన్నాడు. ఈయన నమ్మితేగా!"

సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాను. మూడు నెలలు గడిచాయి. వ్యాన్‌కు బేరం చూడలేదు, ఆయన దగ్గరికి వెళ్ళలేదు. గోళీలు వెయ్యడం మాత్రం మానేశాను, ఎందుకో నా తోటివాళ్ళకు కూడా చెప్పలేదు. దాన్నే పెద్ద ప్రాయశ్చిత్తం అనుకున్నాను.

గోళీని ఎక్కడా పారెయ్యలేకపోయాను. ఒక చొక్కా జేబులోంచి ఇంకో చొక్కా జేబులోకి మారుస్తూ వచ్చాను. ఒకరోజు బట్టలు ఉతుకుతుంటే అది మీరాబీ చేతికి దొరికింది. "ఏందిది? ఇన్నాళ్ళ నుంచి ఏ చొక్కా ఉతికినా ఇదే వస్తంది" అని అడిగింది. ఆమెకు అబద్ధం చెప్పడం నాకు ఏనాడూ చేతకాలేదు. సబ్బు నురగ ఆరిపోయేదాకా బకెట్ పక్కన కూర్చుని మొత్తం చెప్పాను.

ఆమె అరుస్తుందనుకున్నాను, అరవలేదు. గోళీని అరచేతిలో పెట్టుకుని చూస్తూ, "నీ పేరు పోద్దని ఆయన కాలు తీసేశావా?" అంది.

నేను గోళీ కోసం చెయ్యి చాపాను, ఆమె ఇవ్వలేదు.

"నీ షెడ్డు పోతే నేను బీడీలు చుడతా, మిషను కుడతా. ఆయన చెయ్యి పోతే ఎవరు తెచ్చిస్తారు? రేపు పొద్దున్నే బస్సెక్కు" అంది. గోళీ నా చేతిలో పెట్టి, మిగతా చొక్కాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ ఆగి మీకు ఒక మాట చెప్పాలి. పని రానివాడి తప్పు త్వరగా బయటపడుతుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. పని వచ్చినవాడు తప్పు దాచాలనుకుంటే ఎవరికీ దొరకదు. సీటు ఎత్తి దించినంత తేలిక అది. బండి గురించి మనకు తెలిసింది నడిపేవాడికి తెలియదు, మన మాటే నమ్ముతాడు. మన మాట కంటే తన ఒంటిని తక్కువగా నమ్ముతాడు. నా చదువంతా ఆ మూడు నెలల్లో అయింది, దానికి ముందు నాకు వచ్చింది మరలు విప్పడమే.

దుర్గిలో

నేను వెళ్ళేసరికి వీరాచారి అన్న పందిరి కింద సగం చెక్కిన రాయి ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. పక్కన పనివాళ్ళు ఇద్దరు నంది విగ్రహానికి నునుపు పెడుతున్నారు. సుభద్రమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. తాగితే చెప్పలేనేమోనని గ్లాసు పక్కన పెట్టాను.

"వ్యాన్‌కు బేరం తెచ్చావా?" అన్నాడు.

"లేదన్నా. ఇది తెచ్చాను" అని గోళీ తీసి ఆయన ముందున్న రాతి మీద పెట్టాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక వ్యాన్ దగ్గరికి పోయి, సీటు ఎత్తి, కార్బురేటర్ మొత్తం విప్పి తెచ్చాను. ఆయన రాయి పక్కన గోనె పరిచి ముక్కలన్నీ వరసగా పేర్చాను. ఇది గిన్నె, ఇది మొదటి గొట్టం, ఇది రెండోది, ఇది పొర, ఇది ట్యూబు. పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. ఆయన బెజ్జాలను శ్రద్ధగా చూశాడు. రాతిలో బెజ్జం వెయ్యడం ఆయన పని కదా, జెట్‌ను వెలుతురుకు పెట్టి, "ఇంత సన్నం ఎట్టా తొలిచారయ్యా" అన్నాడు. చాలా రోజుల తరవాత ఆయన ఆ మాత్రం మాట్లాడాడని సుభద్రమ్మ తరవాత చెప్పింది.

అప్పుడు ట్యూబులో గోళీ పెట్టి చూపించాను. "ఇది నేను వేశానన్నా. నీకు చెప్పలా. ఆ రోజు గుట్ట మీద తీసేసి జేబులో ఏసుకున్నా. నీ కాలికేం గాలేదు. తప్పు నాది."

ఆయన ట్యూబు తీసుకుని గోళీ ఉన్నచోట వేలితో నొక్కి చూశాడు. నంది దగ్గర పనివాళ్ళు చేతులు ఆపేశారు.

"అమ్మవారిని కృష్ణలో వదిలేశాను గదరా" అన్నాడు చివరికి. ఎప్పుడూ నన్ను "రా" అనని మనిషి. "నా బిడ్డలాంటిది. ఆరు నెలలు. నా చేతులతో వదిలేశాను."

"కొత్త రాయి నేను కొనిస్తానన్నా."

"కొనిస్తావులే. చెక్కాలిగా ఎవరన్నా!" అని లేచాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. కొడతాడేమోనని నిలబడ్డాను, కొట్టినా బాగుండేది. "నా మనసు చల్లబరచడానికి చెబుతున్నావేమో! ఇట్టా చెప్పమని సుభద్ర నిన్ను పిలిపించిందేమో! నాకెట్టా తెలుస్తది? బిగించు దాన్ని. గోళీ పెట్టే బిగించు."

బిగించాను. ఆ విగ్రహం అంత బరువు ఉండే రెండు రాళ్ళను పనివాళ్ళతో వ్యాన్‌లో పెట్టించి, తాడుతో కట్టించాడు. తానే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మూడు నెలల తరవాత అదే మొదటిసారి. నేను పక్కన కూర్చున్నాను. పనివాళ్ళిద్దరూ చెక్క దిమ్మలు పట్టుకుని మోటార్ సైకిల్ మీద మా వెంట వచ్చారు. గుట్ట మొదట్లో ఆయన వాళ్ళను మోటార్ సైకిల్ దిగి వ్యాన్ పక్కన నడవమన్నాడు.

రెండో మలుపు దగ్గర ఇంజన్ అప్పటిలాగే నీరసించింది. ఆయన తొక్కుతున్నాడు, బండి లాగడం లేదు. పక్కనుంచి నడిచి వస్తున్న పనివాళ్ళు గబుక్కున చక్రాల వెనక దిమ్మలు పెట్టారు. ఇంజన్ ఆరిపోయింది.

"కాలు తియ్యమాకన్నా. ఇప్పుడు నీ కాలు యాడుందో చూడు" అన్నాను.

ఆయన వంగి చూశాడు. పెడల్ నేలకు అంటుకుని ఉంది, దాని మీద ఆయన పాదం ఉంది.

దిమ్మలు తీస్తూ పెడుతూ మెల్లగా బండిని గుట్ట కిందికి దించాం. సీటు ఎత్తి ఆయన కళ్ళ ముందు గోళీ తీశాను. కంగారులో వేడి పైపు తగిలి వేలు కాలింది. మళ్ళీ ఎక్కాం. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో ఎత్తు మొదలవగానే ఆయన కిందికంటా తొక్కాడు. ఇంజన్ గొంతు మారింది. బొంగురుగా, నిబ్బరంగా, రాళ్ళ బరువును లెక్క చెయ్యకుండా వ్యాన్ పైకి పాకింది. నేను ఏడ్చాను, దాచుకోవాల్సిన పని కూడా లేదనిపించింది.

గుడి ముందు చదునులో ఆపి ఇంజన్ కట్టేశాడు. దిగలేదు.

"ఆ రోజు గూడా ఇట్టాగే తొక్కాను" అన్నాడు.

"తొక్కావన్నా."

"సుభద్రకు చెప్పాను, తొక్కానని. తరవాత నేనే నమ్మలా."

ఆయన చెప్పు విడిచాడు. కుడికాలు మెల్లగా పైకి తీసుకుని ఎడమ తొడ మీద పెట్టుకున్నాడు. అరికాలంతా గుండుసూది గాట్లు, కొన్ని మానాయి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నాయి. బొటనవేలితో ఒక్కో గాటును నిమురుతూ, నాతో కాదు, ఆ కాలితోనే అన్నాడు.

"ఊరికే తిట్టాను నిన్ను. మూడు నెలలు ఊరికే తిట్టాను."